ఏబీసీడీల నుంచి అర్జీల దాకా: మన హైస్కూళ్ళలో ఇంగ్లీషు చదువు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగారు. రాజుల గురించి, శాసనాల గురించి రాయడానికి మన సంఘంలో నాకంటె బాగా చదువుకున్న లెక్చరర్లు చాలామంది ఉన్నారు. నేను 1970లో ఎల్.డి. క్లర్కుగా చేరి 2008లో రిటైరయ్యే వరకు ముప్పై ఎనిమిదేళ్ళు ఇంగ్లీషులో నోట్లూ, డ్రాఫ్టులూ రాసి పొట్టపోసుకున్నవాణ్ణి. అందుచేత నాకు దగ్గరైన విషయమే తీసుకున్నాను. మన హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషును ఏ కాలంలో ఏ పద్ధతిన నేర్పారు, అందులో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నదే ఈ వ్యాసం. సాయంత్రంపూట మనవల పుస్తకాలు ముందేసుకుని కూర్చునే తాతలకు, నాయనమ్మలకు, అమ్మమ్మలకు కొంత పనికి రావచ్చునని ఆశ.

ముందుగా ఒక మనవి. తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా అన్న వాదంలోకి దిగడం నా ఉద్దేశం కాదు. ఆ వాదం సంఘం ఆఫీసు అరుగు మీద రోజూ జరుగుతూనే ఉంది, ఇరుపక్షాలకీ టీ ఖర్చు అవుతూనే ఉంది. నేను చూడదలచుకున్నది అంతకంటె చిన్న సంగతి. ఇంగ్లీషు పీరియడులో ఆ నలభై అయిదు నిమిషాలూ పిల్లవాడి చేత ఏం చేయించారు?

గుమాస్తాల జాతకం

ఇంగ్లీషు చదువు అనగానే అందరూ 1835 నాటి మెకాలే మినిట్‌ను తలుస్తారు. ఆయన్ని తిట్టేవారూ, పొగిడేవారూ ఈనాటికీ ఉన్నారు. నా దృష్టిలో మాత్రం మన గుమాస్తాల జాతకం రాసింది 1844లో గవర్నరు జనరలు హార్డింజ్ చేసిన తీర్మానం. ప్రభుత్వోద్యోగాల్లో ఇంగ్లీషు చదివినవారికి ప్రాధాన్యం ఇవ్వాలని అందులో చెప్పారు. పైన 1854లో వుడ్ డిస్పాచి, 1857లో మద్రాసు యూనివర్సిటీ వచ్చాయి. యూనివర్సిటీతో పాటు మెట్రిక్యులేషను పరీక్ష వచ్చింది. అందులో ఇంగ్లీషు తప్పితే మిగతావన్నీ ప్యాసయినా ఫలం లేదు. అప్పటి నుంచి తెలుగు కుర్రాడికి ఇంగ్లీషు భాష కాదు, గేటు. గేటు దాటితే జీతం, దాటకపోతే పొలం.

ఆ రోజుల్లో ఎలా నేర్పేవారు? మన పంతుళ్ళు కావ్యం చెప్పే పద్ధతిలోనే చెప్పారు. ఒక వాక్యం చదవడం, ప్రతిపదానికీ తెలుగు అర్థం చెప్పడం, పిల్లలు వల్లెవేయడం. అమరకోశం వల్లెవేసిన ఇళ్ళల్లోంచి వచ్చిన పిల్లలకు అదేమీ కొత్త కాదు. ఆ పైన నెస్‌ఫీల్డు దొర గ్రామరు, 1930ల మధ్య నుంచి రెన్ అండ్ మార్టిన్. వాక్యాన్ని కోడిని కోసినట్టు ముక్కలు చేసి, ఏ ముక్క ఏమిటో పేర్లు చెప్పాలి.

ఈ అనువాద పద్ధతిని ఇప్పటివారు తేలిగ్గా తీసిపారేస్తారు. నేను అంత తొందరపడను. ఆనాటి గుమాస్తా చేయవలసిన పని అదే గదా! కరణం తెలుగులో రాసిన లెక్క, రైతు తెలుగులో ఇచ్చిన వాఙ్మూలం, వీటిని కలెక్టరు దొరకు ఇంగ్లీషు చేసి పెట్టాలి. ఆ పైనుంచి వచ్చిన ఉత్తర్వును కిందివాళ్ళకు తెలుగు చేసి చెప్పాలి. అంటే బడిలో చేసిన కసరత్తూ, ఆఫీసులో చేసే పనీ ఒకటే. చిక్కెక్కడ వచ్చిందంటే, ఆ ఆఫీసు దాకా చేరనివాళ్ళ దగ్గర. నూటికి పదిమంది చేరితే తక్కిన తొంభైమందికి ఈ కసరత్తు ఎందుకు?

అర్థం లేకుండా వల్లెవేస్తే ఏమవుతుందో మా విజయనగరంలోనే ఒకాయన బహుచక్కగా చూపించారు. గురజాడ అప్పారావుగారు మహారాజా కళాశాలలో పనిచేసినవారు. 1892లో మొదట ఆడిన, 1897లో అచ్చయిన, 1909లో తిరగరాసిన కన్యాశుల్కం నాటకంలో ఆయన గిరీశం అనే ఇంగ్లీషు ట్యూటరును సృష్టించారు. వెంకటేశాన్ని ఇంగ్లీషులో మాట్లాడమని తల్లి అడిగితే, గురుశిష్యులిద్దరూ రీడర్లో కంఠతాపట్టిన పద్యం ముక్కలూ, పాఠం ముక్కలూ ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళు మురిసిపోతారు. నూరేళ్ళు దాటినా ఆ సీనుకు జనం నవ్వుతూనే ఉన్నారు. ఇప్పటికీ చుట్టాలు వచ్చినప్పుడు మన ఇళ్ళల్లో ‘అంకుల్‌కి రైమ్ చెప్పు’ అంటూనే ఉన్నాం కాబట్టి, ఆ నవ్వులో కొంత మనదీ ఉందనుకోవాలి.

పర్లాకిమిడి మాస్టారు

తరువాతి ఘట్టం కూడా మా ప్రాంతంలోదే. 1907 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలకు జె.ఎ. ఏట్స్ అనే ఆయన స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. బజారులో వినే తెలుగుకూ, బడిలో చెప్పే తెలుగుకూ ఇంత తేడా ఏమిటని ఆయనకు సందేహం. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, దీనికి జవాబు చెప్పగలవారు ఇద్దరే, ఒకరు గురజాడ, మరొకరు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి అన్నారట. ఆ నలుగురి చర్చలలోంచే వ్యావహారిక భాషోద్యమం పుట్టిందని మనం తెలుగు పాఠాల్లో చదువుకున్నాం.

ఇందులో ఇంగ్లీషు సంగతి ఏమిటంటారా? గిడుగువారు చదివిన పుస్తకాలలో హెన్రీ స్వీట్ వంటి భాషాశాస్త్రజ్ఞుల గ్రంథాలున్నాయి. భాష అంటే ముందు నోటి మాట, తర్వాతే రాత, పరాయి భాషనైనా మాట్లాడే భాషగానే నేర్పాలి అన్న ఉద్యమం 1880ల నుంచి ఐరోపాలో నడిచింది. స్వీట్ 1899లో భాషలు నేర్చుకోవడం గురించి పెద్ద పుస్తకమే రాశాడు. అక్కడ ఇంగ్లీషు, ఫ్రెంచి బోధన మార్చడానికి పుట్టిన ఆలోచన ఇక్కడ తెలుగు బోధనను మార్చడానికి ఉపకరించింది. విచిత్రమేమిటంటే, గిడుగువారు దానిని తెలుగుకే కాదు, సవర భాషకు కూడా పట్టించారు. సవర పిల్లలకు వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చి, పుస్తకాలు రాశారు. ఇంగ్లీషు క్లాసుల్లోకి మాత్రం ఆ గాలి ఆలస్యంగా వచ్చింది. ఇంకొక మాట. ఆయన 1911లో ఉద్యోగ విరమణ చేశారు. ‘తెలుగు’ అనే మాసపత్రిక 1919లో పెట్టారు. అంటే ఉద్యమంలో పెద్దపని అంతా రిటైరయ్యాక చేసినదే. మన సంఘ సభ్యులు గమనించవలసిన సంగతి.

అటు నిజాం రాజ్యంలో కథ వేరు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ బోధనాభాషగా మొదలయింది, ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది. తెలంగాణాలో ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, దానిపైన ఇంగ్లీషు. కుడినుంచి ఎడమకు ఒక లిపి, ఎడమనుంచి కుడికి రెండు లిపులు. మా సర్వీసులో అక్కడినుంచి బదిలీ మీద వచ్చిన పెద్దలు మూడు భాషల్లో ఫైలు చదవగలిగేవారు. మాకు అసూయగా ఉండేది.

సరెండర్ వాల్యూ

ఇప్పుడు ఢాకా వెళ్ళాలి. దూరమే గాని, నేను చెప్పదలచుకున్న దానికి మూలం అక్కడ ఉంది. 1920లలో ఢాకా టీచర్స్ ట్రయినింగ్ కాలేజీ ప్రిన్సిపాలుగా మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషువాడు ఉండేవాడు. బెంగాలు పిల్లలు ఇంగ్లీషు ఎలా నేర్చుకుంటున్నారో లెక్కలు తీసి 1926లో ఒక పుస్తకం రాశాడు. అందులో ఆయన వాడిన మాట ఒకటి చూసి నేను ఆశ్చర్యపోయాను. ‘సరెండర్ వాల్యూ’. మన ఎల్.ఐ.సి. పాలసీల్లో ఉండే మాటే. పాలసీ మధ్యలో ఆపేస్తే చేతికి ఎంత వస్తుంది? అలాగే పిల్లవాడు ఎనిమిదో తరగతిలోనే బడి మానేస్తే, అప్పటిదాకా నేర్చుకున్న ఇంగ్లీషు వాడికి ఎందుకు పనికి వస్తుంది?

వెస్టు జవాబు ఇది. బడి మొదలుపెట్టినవాళ్ళలో చివరిదాకా వచ్చేది కొద్దిమందే. సిలబసు మాత్రం ఆ కొద్దిమంది కోసం తయారవుతుంది. సగం గ్రామరు నేర్చి మానేసినవాడికి మిగిలేది ఏమీ లేదు. అదే చదివి అర్థం చేసుకోవడం ముందు నేర్పితే, ఏ తరగతిలో ఆపినా ఆ మేరకు చేతిలో ఉంటుంది. అందుకని తక్కువ మాటలతో, అవే మాటలు మళ్ళీమళ్ళీ వచ్చేటట్టు ‘న్యూ మెథడ్’ రీడర్లు తయారుచేశాడు. తరువాత 1953లో ఎక్కువగా వాడుకలో ఉండే సుమారు రెండువేల మాటలతో ఒక జాబితా కూడా ప్రకటించాడు. పరాయి పిల్లల కోసం ఏ.ఎస్. హార్న్‌బీ జపానులో 1942లో తయారుచేసిన డిక్షనరీ, 1948లో ఆక్స్‌ఫర్డువారు మళ్ళీ వేసినది, ఇదే వరుసలోది. మనలో చాలామంది టేబుళ్ళ మీద ఉండేది దాని సంతానమే.

ఈ సరెండర్ వాల్యూ లెక్క నాకు ఎందుకు పట్టుకున్నదో చెబుతాను. నేను పనిచేసిన ఒక తాలూకా ఆఫీసులో ఒక అటెండరు ఉండేవాడు. నాకంటె పదేళ్ళు పెద్ద. తాలూకాలోని గ్రామాల సర్వే నంబర్లు, ఏ చెరువు కింద ఎంత ఆయకట్టు, ఏ రైతుకు ఎవరితో తగాదా, అన్నీ అతని నోట్లో ఉండేవి. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్లు విచారణకు వెళ్ళేముందు అతన్ని అడిగి వెళ్ళేవారు. ఎస్.ఎస్.ఎల్.సి.లో లెక్కలు, సోషలు, తెలుగు అన్నీ ప్యాసయ్యాడు. ఇంగ్లీషు మూడుసార్లు కట్టి మూడుసార్లూ తప్పాడు. ఆ ఒక్క సబ్జెక్టుతో అతని సర్వీసంతా బిళ్ళ బంట్రోతుగా గడిచిపోయింది. అది కాదు నన్ను బాధపెట్టింది. ఏటా జి.పి.ఎఫ్. స్లిప్పు వచ్చినప్పుడు నా టేబులు దగ్గరకు తెచ్చి, ‘బాబూ, ఇందులో నా డబ్బు ఎంతుందో చెప్పండి’ అనేవాడు. అంకెలు చదవగలడు. ఏ అంకె నిలవ, ఏది ఆ ఏడాది జమ, ఏది వడ్డీ అన్నది పైన ఇంగ్లీషులో ఉంటుంది. ఓపెనింగ్ బ్యాలెన్స్, క్రెడిట్స్, ఇంట్రెస్ట్, క్లోజింగ్ బ్యాలెన్స్. నాలుగైదు మాటలు! ఆరేళ్ళు బడిలో ఇంగ్లీషు చదివినవాడికి, గ్రామరులో కర్మణి వాక్యం మార్చడం నేర్చుకున్నవాడికి, తన సొంత డబ్బు కాగితం మీది నాలుగు మాటలు ఎవరూ చదివించలేదు. ఆరేళ్ళు ప్రీమియం కట్టించుకుని ఒక్క పైసా తిరిగి ఇవ్వని పాలసీ అది.

స్ట్రక్చర్ల కాలం

నేను 1961లో ఆరో తరగతిలో ఏబీసీడీలు మొదలుపెట్టాను. అప్పటికి హైస్కూళ్ళలో తక్కిన పాఠాలు తెలుగులోకి వచ్చేశాయి, ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా మిగిలింది. బోధనలో ఆనాటి కొత్త మాట ‘స్ట్రక్చరల్ అప్రోచ్’. 1950లలో మద్రాసు రాష్ట్రంలో బ్రిటిష్ కౌన్సిల్ సాయంతో బలంగా మొదలయింది. అక్కడ ఇరవై ఏడువేల మంది టీచర్లకు తిరిగి శిక్షణ ఇవ్వాలని పెట్టుకున్నారు. కొందరికి నేర్పితే వాళ్ళు మరికొందరికి నేర్పాలి, మంచుబంతి దొర్లుతూ పెద్దదైనట్టు. దానికి ‘మద్రాస్ స్నోబాల్’ అనే పేరు వచ్చింది. మంచు ఎరగని మద్రాసులో ఆ పేరెందుకు పెట్టారో గాని! మన హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వెలసింది. అది 1972లో సీఫెల్ అయింది, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అని పిలవబడుతోంది. స్ట్రక్చరల్ పద్ధతికి అది పెద్ద కేంద్రం.

ఈ పద్ధతిలో గ్రామరు పేర్లు చెప్పరు. వాక్యం అచ్చును వినిపించి, చూపించి, పదేపదే అనిపిస్తారు. మాస్టారు కలం ఎత్తి ‘దిస్ ఈజ్ ఎ పెన్’ అంటారు. కిటికీ వైపు చూపి ‘దట్ ఈజ్ ఎ విండో’. తలుపు దాకా నడుస్తూ ‘ఐ యామ్ గోయింగ్ టు ది డోర్’. ఇంకొకటి సబ్‌స్టిట్యూషన్ టేబులు. హెరాల్డ్ పామర్ అనే ఆయన 1916లోనే ఇలాంటివి నూరు అచ్చువేశాడు. నల్లబల్ల మీద నిలువు గళ్ళు గీసి, మొదటి గడిలో ‘వుయ్, యు, దే’ అని మూడు మాటలు, రెండో గడిలో ‘ఆర్ గోయింగ్ టు’, మూడో గడిలో ‘ది మార్కెట్, ది టెంపుల్, ది స్టేషన్, ది రివర్’ అని నాలుగు. మూడు నాలుగులు పన్నెండు వాక్యాలు, తప్పు రావడానికి వీల్లేదు.

ఇది మంచిదా చెడ్డదా? నోరు తిరగడానికి మంచిదే. తెలుగువాడి నాలుకకు ఇంగ్లీషు వాక్యం ఎదురు నడక. మనం క్రియను చివర పెడతాం, వాళ్ళు మధ్యలో పెడతారు. మనం ‘టేబులు మీద’ అంటే వాళ్ళు ‘ఆన్ ది టేబుల్’ అంటారు, మన ప్రత్యయం వెనకాల వస్తే వాళ్ళది ముందు వస్తుంది. ‘ఎ’, ‘ది’ అనేవి మనకు లేనేలేవు. ఇంగ్లీషు మాట హల్లుతో ఆగితే మనం ఊరుకోం, బుక్కు, పెన్ను, బస్సు అని ఒక అచ్చు తగిలిస్తాం. వీటన్నిటికీ సాధన అవసరమే. కాని అందరి చేతిలోనూ ఉన్న కలాన్ని చూపి ‘ఇది కలం’ అని అరవైమంది కలిసి అరిస్తే, అందులో ఒకరు ఇంకొకరికి చెప్పిన సంగతి ఏముంది? నలభైమంది నోరు కదుపుతుంటే ఇరవైమంది కిటికీలోంచి చూసేవాళ్ళు.

మా తొమ్మిదో తరగతి ఇంగ్లీషు మాస్టారు మాత్రం వేరే రకం. సిలబసు పూర్తిచేసేవారు, కాని శనివారం చివరి పీరియడు పుస్తకం మూయించేవారు. ఒకసారి మనియార్డరు ఫారాలు తెచ్చి పంచారు. ఒకసారి రైల్వే టైంటేబులు. ‘మీ బావ రాజమండ్రిలో ఉన్నాడు, పెళ్ళి ఉదయం ఎనిమిది గంటలకు, ముందురోజు సాయంత్రం బడి అయ్యాక బయలుదేరాలి, ఏ బండి?’ జవాబు ఇంగ్లీషులో చెప్పాలి. తప్పు ఇంగ్లీషైనా పరవాలేదు, తప్పు బండి మాత్రం కూడదు అనేవారు. ‘సర్, దిస్ ట్రెయిన్ నాట్ స్టాప్ హియర్ సర్!’ అని వెనక బెంచీవాడు లేచి అరిచిన రోజున మాస్టారి ముఖం చూడాలి. ఆ వాక్యాన్ని సరిచేసి ఒకసారి మళ్ళీ అన్నారు, అంతే. వాడు అంతకు ముందు మూడేళ్ళలో ఇంగ్లీషులో నోరు విప్పిన దాఖలా లేదు.

బెంగుళూరు టైంటేబులు

మా మాస్టారు ఎవరూ చెప్పకుండా చేసినదానినే ఒక పద్ధతిగా పరీక్షించి చూసినవారు ఎన్.ఎస్. ప్రభు. మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేసేవారు. 1979 నుంచి 1984 దాకా, బెంగుళూరులోని రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వారితో కలిసి, బెంగుళూరు, మద్రాసు, కడలూరు వంటి ఊళ్ళలో మామూలు బళ్ళలోనే ప్రయోగం చేశారు. గ్రామరు వరుస లేదు, స్ట్రక్చర్ల వరుస లేదు. రోజుకొక పని. రైల్వే టైంటేబులు, ఊరి పటం, పోస్టాఫీసు ఫారం, బడి పీరియడ్ల పట్టిక. మొదట టీచరు క్లాసంతటితో ఒక లెక్క నోటిమీద చేయిస్తాడు, తరవాత అటువంటిదే ఇంకొకటి పిల్లలు ఎవరికి వారు చేస్తారు. మార్కులు జవాబు సరయినదా కాదా అన్నదానికే. మనసు లెక్క మీద ఉంటే భాష తనంతట తాను లోపల సర్దుకుంటుందని ఆయన నమ్మకం. దీనిని ఆయన 1987లో పుస్తకంగా రాశారు. ఈనాడు ప్రపంచమంతా ‘టాస్క్’ అనే పేరుతో చెప్పుకునే ఇంగ్లీషు బోధనకు మన దక్షిణాది బెంచీలే ఒక పుట్టిల్లు అంటే కొత్త టీచర్లే నమ్మడం లేదు!

ఆ ప్రయోగం ముగిసేముందు బెరెట్టా, డేవిస్ అనే ఇద్దరు బయటివారు వచ్చి పరీక్షలు పెట్టారు. స్ట్రక్చర్ల పరీక్షలో స్ట్రక్చర్లు చదివిన పిల్లలే నయమనిపించుకున్నారు. డిక్టేషను, విని చదివి అర్థం చేసుకోవడం వంటివాటిలో ప్రభుగారి పిల్లలు ముందున్నారు. ఏది నేర్పితే అది వచ్చిందన్నమాట. ప్రభుగారి పద్ధతి అన్ని బళ్ళకూ పాకలేదు. కారణం మనకు తెలియనిది కాదు. పబ్లిక్ పరీక్షలో టైంటేబులు రాదు, పాఠం చివరి ప్రశ్న వస్తుంది. గైడులో దానికి జవాబు ఉంటుంది. జవాబు బట్టీపడితే మార్కులు వస్తాయి. పాఠ్యపుస్తకాలు తరువాత మారాయి, జట్టుగా మాట్లాడుకోండి, చర్చించండి అని అందులో రాశారు. గైడులవాళ్ళు ఆ చర్చనూ రాసి అచ్చువేసి అమ్మారు!

తరువాతి కథ మీకు తెలిసినదే. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో సక్సెస్ స్కూళ్ళ పేరుతో ప్రభుత్వ హైస్కూళ్ళలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరిచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన ఇంగ్లీషు మీడియం జీవోను 2020లో హైకోర్టు కొట్టివేసింది. తెలంగాణాలో 2022–23 నుంచి సర్కారు బళ్ళలో దశలవారీగా ఇంగ్లీషు మీడియం మొదలైంది. మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒకతె నా దగ్గరకు వస్తుంది. సోషల్ జవాబు పన్నెండు వరుసలు ఇంగ్లీషులో ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది. ‘అమ్మా, ఇందులో డ్రాట్ అంటే ఏమిటి?’ అని అడిగాను. ‘అది క్వశ్చన్లో లేదు తాతగారూ’ అంది. కరువు అని చెప్పాక, ‘అయితే ఈ పాఠం వానలు లేకపోవడం గురించా!’ అని నోరు తెరిచింది. వెంకటేశానికి ఒక్క పీరియడే ఈ బాధ, ఈ పిల్లకు రోజంతా.

ఇంట్లో చేయదగినవి

మనం ట్యూషన్ మాస్టర్లం కాము. కాని మన దగ్గర టీచర్ల దగ్గర లేనివి రెండున్నాయి, తీరిక, ఇంగ్లీషు కాగితాలు. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టు ఫారం మనవడి చేతికివ్వండి. ‘కళ్ళజోడు కనపడడం లేదురా, ఎక్కడ ఏం రాయాలో చెప్పు’ అనండి. వాడు ఇంగ్లీషు చదివి తెలుగులో చెబుతాడు, పరవాలేదు, చెప్పనివ్వండి. పాసుబుక్కు, కరెంటు బిల్లు, మందుల పెట్టెలోని కాగితం, అన్నీ పాఠాలే. ‘ఈ మాత్ర భోజనానికి ముందా తరవాతా?’ అన్న ప్రశ్నకు గైడులో జవాబు ఉండదు. (మందు వేసుకునేముందు మాత్రం మీరూ ఒకసారి చూసుకోండి.) మా వీధి పిల్ల చేత నా పెన్షను స్లిప్పు చదివించాను. డి.ఆర్. అంటే ఏమిటి, కమ్యుటేషన్ అని ఎందుకు తగ్గించారు అని అరగంట ప్రశ్నలు వేసింది. కమ్యుటేషన్ సంగతి నాకు ఏ.జి. ఆఫీసువారు కూడా అంత ఓపికగా వివరించలేదు, నేను ఆ పిల్లకు వివరించాను.

డిక్టేషను పాతదని మానకండి. చెవికీ, చేతికీ కలిపి పని చెప్పేది అదొక్కటే. ఇద్దరు పిల్లలుంటే ఇంకొక ఆట ఉంది. నాలుగు వాక్యాల కాగితం వరండా గోడకు అంటించండి. ఒకరు పరుగెత్తి వెళ్ళి ఒక వాక్యం చదివి జ్ఞాపకం పెట్టుకుని వచ్చి చెప్పాలి, రెండోవారు గదిలో కూర్చుని రాయాలి. తరువాత తారుమారు. కాగితం మోసుకురావడం నిషిద్ధం. ఇల్లు పీకి పందిరి వేస్తారు, అయినా ఇరవై నిమిషాల్లో వాళ్ళు ఒక్కొక్క వాక్యాన్ని నాలుగైదుసార్లు నోట అనుకుంటారు.

రాత విషయంలో, రోజూ మూడు వరుసలు చాలు, నిన్న ఏం జరిగిందో. ఎర్ర ఇంకుతో కాగితమంతా నింపకండి. ఆ వారం భూతకాలం క్రియలు మాత్రమే చూడండి, పైవారం ‘ఎ’, ‘ది’. అన్నీ ఒకేసారి దిద్దితే పిల్ల రెండో రోజు నుంచి ఒక్క వరుసే రాస్తుంది. కొత్త మాటలు ఒక చిన్న పుస్తకంలో రాయించి, మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి అడగాలి. మర్నాడు అడగని మాట పోయినట్టే. ఆదివారం మూడు గంటలు కూర్చోబెట్టేకంటె రోజూ ఇరవై నిమిషాలు మేలు. డిక్షనరీ తీసినప్పుడు అర్థం దగ్గర ఆగకుండా కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యం కూడా చదివించండి, హార్న్‌బీ అంత శ్రమపడినది దానికోసమే. తెలుగులో అర్థం చెప్పడం తప్పని ఎవరైనా అంటే లక్ష్యపెట్టకండి. అర్థం తెలుగులో తెలిసినవాడే ఆ మాటను ఇంగ్లీషులో ధైర్యంగా వాడతాడు.

పదో తరగతి పిల్లలకైతే, పాఠంలో లేని పేరా ఇచ్చి ప్రశ్నలడిగేచోట ముందు ప్రశ్నలు చదివి తర్వాత పేరా చదవమనండి, ఏం వెతుకుతున్నామో తెలుస్తుంది. ఉత్తరం రాసే ప్రశ్నకు మన సభ్యుల కంటె మంచి గురువులు ఎవరున్నారు? ఎవరికి, ఎవరు, ఏ విషయం, ఏం కోరుతున్నాం. నలభై ఏళ్ళు ఆ నాలుగూ చూసే గదా ఫైలు పైకి పంపాం. వీధి దీపం వెలగడం లేదని మునిసిపల్ కమిషనరుకు నిజంగా ఒక అర్జీ రాయించండి, నిజంగా పోస్టు చేయించండి. మా పిల్ల రాసినది జనవరిలో ఇచ్చాం. దీపం ఇంకా వెలగలేదు, రిమైండరు డ్రాఫ్టు తయారవుతోంది.

చివరగా, 1960లు, 70ల నాటి హైస్కూలు ఇంగ్లీషు రీడర్లు, పాత రెన్ అండ్ మార్టిన్, పరీక్ష పేపర్లు ఎవరి అటకల మీదనైనా ఉంటే చెదలపాలు కాకముందే సంఘం గ్రంథాలయానికి ఇవ్వవలసిందిగా ప్రార్థన. అట్టలు లేకపోయినా పరవాలేదు, బైండు చేయించే బాధ్యత నాది. గ్రంథాలయం సాయంత్రం అయిదు నుంచి ఏడు వరకు తెరిచి ఉంటుంది, మనవలను కూడా వెంట తీసుకురావచ్చు.